గిలిగిచ్చ పూల రంగు

ఆ రోజుల్లో సండూరు కొండల్లో తెల్లబట్ట అనేది పెట్టెలో ఉన్నంతసేపే తెల్లగా ఉండేది. ఇనుపరాయికి గిరాకీ పెరిగి లారీలు పొద్దంతా తిరుగుతుంటే దారులూ, ఇళ్ళూ, మా జడలూ అన్నీ ఒకే ఎరుపు. నాకప్పుడు ఇరవై ఏళ్ళ నాలుగు నెలలు. బళ్ళారి నుంచి వచ్చి, ఒక గనివాళ్ళ మొక్కల నర్సరీలో రిజిస్టరు రాసే పనిలో చేరాను. ఆరు నెలలు సరిగ్గా చేస్తే ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. ఒక్క కొట్టివేత లేకుండా రాసుకొచ్చాను. (ఈ సంగతి అడగనివాళ్ళకు కూడా చెప్పేదాన్ని.)

తవ్వి పోసిన మట్టిగుట్ట మీద ఎవరూ నాటకుండానే నడుమెత్తు పొదలు కొన్ని లేచాయి. పూలు చిక్కుడు పూల మాదిరి ఉండేవి. ఎండిన కాయ ఊపితే గింజలు గలగలమనేవి. కూలి ఆడవాళ్ళు గిలిగిచ్చ అనేవారు. ఇరవై మూడు పొదలని లెక్కపెట్టి, పూల రంగు గడిలో 'ఎరుపు' అని రాశాను. ఆ సంగతి తెలిసి, ఎర్రపూల గిలిగిచ్చ తానెక్కడా చూడలేదనీ, స్వయంగా వస్తున్నాననీ పై అధికారి కబురు పంపాడు. నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఆయన వచ్చే రోజు తెల్లవారుజామున వాన కురిసింది. వెళ్ళి చూస్తే ఇరవై మూడు పొదల పూలూ పసుపుపచ్చ. అప్పటికి నేను చేరి అయిదు నెలల పంతొమ్మిది రోజులు.

"ఇదేందక్కా?" అన్నాను, మొక్కలకు నీళ్ళు పోసే పెద్దక్కతో.

"ఏముండాది? దుమ్ము కడుక్కునింది."

"పసుపని నీకు ముందే తెలుసా?"

"మా ఊర్లో యాడ జూసినా ఇదే గదమ్మణ్ణీ. నువ్వు యెరుపని రాసుకుంటాంటివి. సదువుకున్నోళ్ళకి అట్లా కనపడ్తాదేమో అనుకుంటి."

ఒక్క మాట కొట్టేస్తే సరిపోయేది. నాకు మాత్రం రిజిస్టరు దిద్దడం కన్నా చెట్టును దిద్దడమే సులువనిపించింది. షెడ్డు కింది పొడిదుమ్మును కొంగులో పోసుకొచ్చి దారి పక్క పొదల మీద చల్లాను.

"తిక్క పట్టిందా నీకు? సాహేబ్రు జీపు ఆ మలుపులోనే ఉండాది" అంటూనే పెద్దక్క కూడా రెండు దోసిళ్ళు చల్లింది. మూడు పొదలు పూర్తయ్యేసరికి జీపు ఆగింది.

ఆయన వంగి వాసన చూసి నాలుగుసార్లు తుమ్మాడు. ముక్కు తుడుచుకున్న రుమాలుతోనే పువ్వునూ తుడిచాడు. వెనకున్న ఇరవై పసుపు పొదలను చూశాడు. తర్వాత నా కొంగు చూశాడు.

"ఈ మూడింటికీ నేనే దుమ్ము చల్లాను సార్" అన్నాను.

"నేనూ పోస్తి సాహేబ్రా" అంది పెద్దక్క.

రిజిస్టరు తెమ్మన్నాడు. జీపు బానెట్టు మీద పెట్టి నా మొదటి కొట్టివేత కొట్టాను. గీత వంకరపోయింది. ఆయన దాన్ని చూసి, "ఇన్నాళ్ళూ ఒక్క తప్పూ లేదంటే గదిలో కూర్చుని రాస్తున్నావనుకున్నాను. దుమ్ము పట్టిన పువ్వును చూసే ఎరుపని రాశావు. గుట్ట ఎక్కుతావన్న మాట" అన్నాడు. ఆరు నెలలు నిండిన రోజునే ఉద్యోగం ఖాయమైంది.

ఇప్పుడు నా చేతిరాతలో కొట్టివేతలు లేని పేజీ లేదు. ఒక్క గీతకు జడిసి కొంగు నిండా దుమ్ముతో వాన తడిలో పరుగెత్తిన ఆ పిల్ల గుర్తొచ్చినప్పుడు, ఆగమ్మా, అంత కంగారెందుకు అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినే పిల్ల కాదు, నాకు తెలుసు.