మూసిన తలుపు ముందల జాజిరి

నేను ఐదో తరగతి దాంక చదివిన. నేను కుట్టిన అంగీలు పోయే ఆ దేశం పేరు నోటికొస్తది గని, పటంల ఏడున్నదో చూపియ్యరాదు. అయినా దాని మీద నాకు మస్తు కుళ్లుండె.

పటాన్‌చెరు ఫ్యాక్టరీల నడుమ ఒక షెడ్డుల మిషన్ కుట్టేదాన్ని. అన్నీ బయటి దేశాలకు పోయే బట్టలే. ఒక ఏడు మాఘమాసంల నల్లబట్ట తాన్లకు తాన్లు దిగింది. పిల్లల కొలతకు టోపీ అంగీలు కుట్టాలె, ఛాతి మీద గుమ్మడికాయ మొఖం అతకాలె. గుమ్మడికాయను ఇంటికి కడతరు గని పిల్లలకు కడతరా అని మేమంత నవ్వినం. మా సూపర్‌వైజరు సారు చెప్పిండు, ఆ అంగీలు పోయే దేశంల చలి మొదలైనంక ఒక పండుగ వస్తదట. పిల్లలు దయ్యాల వేషం కట్టి పొద్దుగూకంగ వాడంత తిరుగుతరట. తలుపు కొట్టుడే ఆలస్యం, లోపలోళ్లు చాక్లెట్లు పట్టుకొని తయారుగుంటరట. ఎవల పిల్లలని అడగరా సార్ అంటే, అడిగితే ఇగ పండుగేంది అన్నడు.

అంగీతోని డబ్బల పెట్టే అట్ట మీద ఫోటో ఉండె. ఒకామె తలుపు బార్లా తీసి, గిన్నె పట్టుకొని, పిల్లల దిక్కు వంగి నవ్వుతున్నది. ఖరాబైన అట్ట ఒకటి ఇంటికి తెచ్చి గోడకు అతికించిన. నా కుళ్లు వేషాల మీద కాదు, ఆ తలుపు మీద.

మేముండేది కిరాయి రూముల వరుస. ముందట ఇంటి ఆసామి బంగ్లా. ఆసామి తల్లిని అందరం పెద్దమ్మ అంటుంటిమి. నా బిడ్డకు అప్పుడు ఎనిమిదేండ్లు. ఒకనాడు బంగ్లాల టీవీ చూడపోతే, కిరాయోళ్ల పిల్లలు గేటు అవతలనే ఉండాలని పెద్దమ్మ గొళ్లెం పెట్టింది. అప్పటి సంది నా బిడ్డ ఎవలింటికీ పోలే. సోపతి పిల్లలు పిలిచినా మా గడపల్నే కూసునేది. నేను పనికి పోయేటప్పుడు అట్లనే కూసొని ఉండేది, వచ్చేటప్పుడు గూడ అట్లనే.

ఫోటో చూసి అడిగింది, "అమ్మా, ఆడ మనసొంటోళ్లకు గూడ తలుపు తీస్తరా?"

తీస్తరు అన్న. ఈడ గూడ తీపిస్త అని మనసుల పెట్టుకున్న.

సారును బతిమాలి కుట్టు తప్పిన అంగీలు ఐదు తెచ్చిన. మా వరుస పిల్లలకు తొడిగి, నా బిడ్డను ముందల పెట్టి బంగ్లాకు తోలిన. తప్పు ఆడనే చేసిన. పెద్దమ్మ తులసి కాడ దీపం పెడుతున్నది. దీపాల యాళ్లకు కండ్ల ముందల ఐదు నల్లబట్టలు, ఐదు కొరివిదయ్యం మొఖాలు. ఎవలో చేతబడి చేపిచ్చిండ్రనుకొని లోపలికి ఉరికి, ఉప్పు తెచ్చి పిల్లల మీద చల్లింది. నన్ను గేటు కాడికి పిలిచి అడిగింది.

"దీపాల యాళ్ల నల్లబట్ట తొడగొద్దని మీ అమ్మ నీకు చెప్పలేదానే?"

చెప్పింది. నేనే మరిచిన. నా బిడ్డ అంగీ ఇడిసి, మడత పెట్టి నా చేతికిచ్చింది. ఇగ పోను అన్నది. ఏడిస్తే నయముండు, ఏడ్వలే.

ఆ పొద్దు రొట్టె చేసుకుంట చేసుకుంట ఆగిన. మా అమ్మ చెప్పింది గదొక్కటేనా? జోగిపేట దిక్కు మా ఊర్లె, కామునిపున్నమ ముందల దినాలల్ల పిల్లలం కోలలు కొట్టుకుంట, పాటలు పాడుకుంట ఇంటింటికీ జాజిరి ఆడపోతుంటిమి. పటేలు ఇల్లని లేదు, కూలోళ్ల ఇల్లని లేదు, అందరు చాటల వడ్లు తెచ్చి పోసేటోళ్లు. తలుపు తియ్యకుంటే తీసేదాంక ఆడుడే. గంత పండుగ నా తాన పెట్టుకొని నేను బయటి దేశపామె గిన్నెల చూస్తున్న. పున్నమకు ఇంక ఆరు దినాలున్నది.

తెల్లారి ఫ్యాక్టరీల పారేసిన పెట్టెల చెక్కలు తెచ్చి కోలలు చెక్కిన. బిడ్డ రానన్నది. రాకు, నేనే ఆడుత అని కొంగు నడుముకు చెక్కి బయలెల్లిన. అమ్మ ఒక్కతే ఆడితే జనం నవ్వుతరని అది ఎనుకనే వచ్చింది. దాని ఎనుక కడమ పిల్లలు.

మొదటి దినం బంగ్లా తలుపు తియ్యలే. రెండో దినం కిటికి పరద కదిలింది. మూడో దినం నల్లా కాడ ఒకామె, గింత వయసుకు కోలలాటేంది, సిగ్గు లేదా అని అడిగింది. ఉన్నది గని పున్నమ దాంక పక్కకు పెట్టిన అన్న.

నాలుగో దినం తలుపు తెరుసుకున్నది. పెద్దమ్మ ఉత్త చేతులతోని మెట్లు దిగొచ్చింది.

"మూడు దినాల సంది వింటున్న. దరువు తప్పుతున్నరు," అని నా చేతుల కోలలు గుంజుకొని కొట్టి చూపిచ్చింది. మొదలు మెల్లగ, ఎనుక జోరుగ. ఆమె గూడ చిన్నప్పుడు ఆడిందేనట. లోపలికి పోయి చాటల బియ్యం తెచ్చి, నా బిడ్డను గౌను పట్టుమని దాంట్ల పోసింది.

"రేపు జల్దీ రాండ్రి. దీపం పెట్టకముందే," అన్నది.

నా బిడ్డ ఆ బియ్యం ఒక్క గింజ కింద పడనియ్యకుంట గేటు దాటి, పక్క బంగ్లా తలుపు దిక్కు తానే నడిసింది.

ఆ దేశం మీద కుళ్లు నాకు ఇప్పటికీ పోలే. ఆడ ఒక్కసారి కొడితే తీస్తరట. మాకు నాలుగు దినాలు పట్టింది.