ఎనిమిదింటికి పద్మప్ప అందుబాటులో ఉండేది కాదు

నిన్న పొద్దున ఫోన్ మోగింది. పద్మప్ప తమ్ముడు శంకర్.

"సరోజక్కా, అప్ప ఎల్లిపోయింది."

ఎక్కడికి అని అడిగాను. నిజంగానే అడిగాను.

వాడు అప్పటికి ఊరి అవతల ఇన్సేన్‌లో, అప్ప కోసం ఆక్సిజన్ సిలిండర్ లైన్లో ఉన్నాడు. ఇంటి నుంచి కబురు వచ్చాక కూడా లైన్లోంచి బయటకు రాలేదు. "ఇంకాసేపట్లో నా వంతు వచ్చేత్తాది అక్కా" అంటున్నాడు. నేనూ ఫోన్ పెట్టేయలేదు.

పజుండౌంగ్ పేటలో మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య నాలుగు వీధులు. అయినా వెళ్ళలేకపోయాను. కరోనా అని మా వీధికి అడ్డంగా తాడు కట్టేశారు. బండి వచ్చి ఆమెను నేరుగా శ్మశానానికి తీసుకెళ్ళిపోయింది. చివరి చూపు కూడా లేదు.

ఏడుపు కన్నా కోపమే ఎక్కువగా ఉంది. అందుకే రాస్తున్నాను.

తెలుగులోనే రాస్తున్నాను. రోడ్డు మీద ఫోన్లు లాక్కుని చూసే సైనికులకు తెలుగు రాదు కదా. ట్రాన్స్‌లేట్ బటన్ నొక్కి చదివే ఆఫీసువాళ్ళు ఉంటే మీరూ చదవండి. నాకేం దాపరికం లేదు.

ఆఫీసులో ఆమె మ న్వే. అది ఇక్కడ బర్మా బడిలో పెట్టిన పేరు. ఇంటి దగ్గర పద్మ. నాకు పద్మప్ప. సొంత అక్క కాదు, కన్సల్టింగ్ ఆఫీసులో నా మేనేజర్. ఆఫీసు పేరు రాయను. పెద్ద కంపెనీలకు సలహాలు అమ్ముతాం, మేం మాత్రం నిద్రపోం. అంతే మా ఉద్యోగం.

అబద్ధం ఎందుకు, మొదట్లో పద్మప్ప అంటే మాకు హడల్. ఆదివారం కూడా కాల్. "క్లయింట్ ఫస్ట్" అని ఆమె అన్నన్ని సార్లు మా గుడి గంట కూడా మోగి ఉండదు.

మా గుడిలో శంకర్ పెళ్ళప్పుడు తలంబ్రాలు పోస్తుంటే, ఈవిడ పట్టుచీర కట్టుకుని, మండపం పక్క మెట్టు మీద కూర్చుని, ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని చార్టుకు రంగులు మారుస్తోంది. వాళ్ళమ్మ వచ్చి ఆ ల్యాప్‌టాప్ మీద అక్షింతలు వేసింది. "దీన్నే మనువాడీయే, ఓ పనైపోద్ది" అంది. గుడంతా నవ్వింది. అప్ప కూడా నవ్వింది. మూత మాత్రం వేయలేదు.

తర్వాతి ఏడాది పార్ట్‌నర్ అవుతుందని అందరూ అనుకునేవాళ్ళు. ఆమెకూ చాలా ఆశ ఉండేది. మన వీధుల్లోంచి ఆ కుర్చీ దాకా వెళ్ళిన ఆడపిల్ల లేదు.

ఇంతలో ఆ ఫిబ్రవరి వచ్చింది. సైన్యం దేశాన్ని గుప్పిట్లోకి లాక్కుంది.

ఊరంతా రోడ్డెక్కింది. రాత్రి ఎనిమిది కాగానే ప్రతి కిటికీలోంచీ గిన్నెల మోత. ఇక్కడ దయ్యాన్ని తరమాలంటే అలాగే కొడతారు. ఈసారి ఏ దయ్యమో ఎవరూ చెప్పక్కర్లేదు.

మా రీజనల్ బాస్ వేరే దేశంలో కూర్చుని రోజూ సరిగ్గా ఆ టైముకే కాల్ పెట్టేవాడు. అందరి కెమెరాలూ ఆన్‌లో ఉండాలి. బిజినెస్ యాజ్ యూజువల్ అట.

ఒకరోజు కాల్ మధ్యలో మోత మొదలైంది.

"న్వే, మీ దగ్గర ఏదో బిల్డింగ్ పని జరుగుతున్నట్టుంది. మ్యూట్ చేసుకుంటావా?" అన్నాడు.

అప్ప లేచి వంటింట్లోకి వెళ్ళింది. వాళ్ళ నాయనమ్మ శ్రీకాకుళం నుంచి తెచ్చుకున్న కంచు కంచం, ఒక గరిటె పట్టుకొచ్చింది. కిటికీ దగ్గర కెమెరాకు కనబడేలా నిలబడి, ఊరితో పాటు వాయించింది. ఊరు ఆపేదాకా వాయించింది.

తర్వాత వచ్చి కూర్చుని, జుట్టు సర్దుకుని, ఇంగ్లీషులో మర్యాదగా చెప్పింది. "సారీ, ఎనిమిదింటికి నేను అందుబాటులో ఉండను. ఏ స్లైడ్ దగ్గర ఆగాం?"

మర్నాటి నుంచి ఎనిమిది కాగానే టీమ్ మొత్తం లేచి కిటికీల దగ్గరికి వెళ్ళిపోయేవాళ్ళం.

తర్వాత దేశమంతా సమ్మె. కొందరం పనికి వెళ్ళడం మానేశాం. నాన్న షాపు మూతబడింది, మా ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది. అయినా మానేశాను. బాస్ ఊరుకుంటాడా? రానివాళ్ళ పేర్లు చెప్పమని కాల్‌లో అందరి ముందూ అప్పను అడిగాడు. అక్కడ ఉన్నవాళ్ళు నాకు చెప్పారు.

"రానిది ఒక్కరే" అందట.

"ఎవరు?"

"నేను."

"నువ్వు కాల్‌లోనే ఉన్నావుగా?"

"ఇప్పుడు వెళ్తున్నా."

కెమెరా ఆపేసింది.

మా ఉద్యోగాలు మిగిలాయి. ఆమెను మాత్రం ఎవరికీ కనబడని పనిలో పడేశారు. పార్ట్‌నర్ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నేను ఫోన్ చేసి ఏడిస్తే తిట్టింది. "ఏటే ఆ ఏడుపు? మీ పేర్లు సెప్పి ఆ కుర్సీలో కూకుంటే మీ మొకాలు సూడగల్నా నాను? ఎల్లు, ఎల్లి బువ్వ తిను."

అదీ మా పద్మప్ప.

ఈరోజు పొద్దున ఆఫీసు నుంచి మెసేజ్. సంతాపం పేజీకి నా తరఫున రెండు లైన్లు కావాలట. శ్రమ లేకుండా వాళ్ళే ఒక నమూనా కూడా పంపారు. "ఆమె ఎల్లప్పుడూ అందుబాటులో ఉండేవారు."

లేదండీ. ఉండేది కాదు.

ఎనిమిదింటికి ఉండేది కాదు. ఎవరి పేరైనా చెప్పమన్నప్పుడు ఉండేది కాదు. కావాలంటే అది వేసుకోండి. వేయరని తెలుసు. దీనికి నా ఉద్యోగం తీసేస్తే తీసేయండి, ఈసారి అడ్డుపడటానికి అప్ప లేదు.

మా వీధిలో గిన్నెల మోత ఆగిపోయి చాలా రోజులైంది. మోత వచ్చిన కిటికీల మీదికి ముందు రాళ్ళు వచ్చాయి, తర్వాత తూటాలు వచ్చాయి. భయపడినవాళ్ళను నేనేమీ అనను. నాకూ భయమే.

ఇందాక శంకర్ తాడు దాకా వచ్చాడు. ఒక సంచి కింద పెట్టి, దూరంగా జరిగి నిలబడ్డాడు.

"ఇది నీకిమ్మన్నాది" అన్నాడు.

కంచు కంచం. అంచు మీద గరిటె దెబ్బలు అలాగే ఉన్నాయి. కడిగి కిటికీలో పెట్టాను.

నువ్వింక కెమెరా ఆపేసుకో అప్పా. అక్కడైనా ఊపిరి నిండా పీల్చుకుని, హాయిగా పడుకో.

ఎనిమిదింటికి నేను కొడతాను.