పదేళ్లప్పటి భయం

అశోక్ నగర్ హాస్టల్లో నా పక్క మంచం అన్నను తలుచుకుంటే ముందు ఆయన ప్రశ్నే వినిపిస్తుంది. "పదేండ్లప్పుడు నీకు దేనికి భయమైతుండె?"

టీ బండి దగ్గర కొత్తగా పరిచయమైనవాళ్లను కూడా వదిలేవాడు కాదు. జవాబు చెప్పగానే పేరుతో సహా నోట్‌బుక్కులో రాసుకునేవాడు. నేను చీకటని చెప్పాను.

గ్రూప్స్‌కి చదువుతూనే పదేళ్ల పిల్లల కోసం నవల రాయాలనుకున్నాడు. దానికీ పరీక్షకు తయారైనట్టే తయారయ్యాడు. చిక్కడపల్లి లైబ్రరీలో పిల్లల కథలు ముందేసుకుని మూడేళ్లు నోట్సు రాశాడు, ఆదివారాలు రివిజన్ చేశాడు. కథ మాత్రం ఒక్క పేజీ కూడా మొదలుపెట్టలేదు. నాకు ఒళ్లు మండేది.

"ఇగ రాయరాదే అన్నా!"

"సిలబస్ ఇంకా కాలే తమ్మీ."

"మరి నీ భయమేంది?" అంటే నవ్వి నోట్‌బుక్కు మూసేవాడు.

మొన్నటి పరీక్ష అయ్యేదాకా జ్వరమున్న సంగతి ఎవరికీ చెప్పలేదు. మర్నాడు ఆసుపత్రిలో పోయాడు.

సామాను తీసుకెళ్లడానికి వాళ్ల బాపు వచ్చాడు. చదువు రాని మనిషి. నోట్‌బుక్కు నా చేతికిచ్చి, "నా కొడుకు ఏం రాసుకుండో జర సదువు బిడ్డా," అన్నాడు.

చివరి పేజీలో అన్న తన పేరు రాసి, కింద ఒకే మాట రాసుకున్నాడు: 'బాపు తాగొచ్చి తలుపు తన్నే సప్పుడు.'

నేను పైకి మాత్రం నా భయం చదివాను. "చిన్నప్పుడు చీకటంటే భయమైతుండెనంట."

ఆయన ఆ అక్షరాల మీదే వేలు పెట్టి తడిమాడు.

"నాకు జెప్పకపాయె బిడ్డా. జెప్తే నేను తోడు పోకపోదునా?"