చప్పుడు లేని గల్లీ

ఆశేర్‌కు థాంక్స్ చెప్పేవాళ్లకు కొదవలేదు. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో నడవలేని ప్రయాణికులను చక్రాల కుర్చీలో విమానం దాకా తీసుకుపోవడం, దిగినవాళ్లను బయటిదాకా తీసుకురావడం అతని పని. దుబాయి నుంచి దిగిన పెద్దమ్మలు నెత్తిమీద చెయ్యిపెట్టి దీవించి మరీ పోతారు. ఇంట్లో అతనూ కృతజ్ఞతకు లోటు చేయడు. కంచం ముందు కళ్లు మూసుకుని, అన్నం చల్లారేదాకా దేవుడికి స్తోత్రాలు చెబుతాడు. వండినామె గరిటె పట్టుకుని పక్కన నిలబడి ఉంటుంది. ఆమెతో మాత్రం "ఉప్పెక్కువైంది" అంటాడు.

సాతంరాయిలో వాళ్లు పోయే చర్చికి ఒక ఆనవాయితీ ఉంది. పెళ్లిరోజు దగ్గరపడిన ఆదివారం మొగుడూ పెళ్లాం ముందుకొచ్చి ఒకరి గురించి ఒకరు సాక్ష్యం చెప్పాలి. నిరుడు ఆశేర్ మైకందుకుని, "తోడుగా ఇచ్చిన మంచి భార్య జూలీని బట్టి దేవునికి వందనాలు" అన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. గేటు దాటగానే జూలీ ఆగింది.

"గా మాటల నా పేరు తీసేసి పక్కింటి స్వర్ణలతక్క పేరు పెట్టు. సరిపోతదా, లేదా?"

ఆశేర్ నిజాయితీపరుడు. ఆలోచించి, "సరిపోతది" అన్నాడు.

"అయితే వచ్చేయేడు ఆమెనే నిలబెట్టుకో!"

ఆ వచ్చేయేడు రానే వచ్చింది. జూలీ మరిచిపోలేదు. "నాకొక్కదానికే సరిపోయే ముక్క ఒక్కటి జెప్పు. లేకుంటే నేను కుర్చీలకెళ్లి లేవ" అని తేల్చేసింది. ఆమె లేవకపోతే ఏమవుతుందో ఆశేర్‌కు తెలుసు. మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి సంఘమంతా కలిసి వాళ్లిద్దరికీ విడాకులిప్పించేస్తుంది.

చర్చి వాట్సాప్ గ్రూపులో పూలబొమ్మ మీద ఒక సూక్తి తిరుగుతోంది: రోజూ మీ భార్యకు ధన్యవాదాలు చెప్పండి. సరే, అదీ చేసి చూశాడు. చాయ్ అందుకుని "థాంక్స్" అన్నాడు. జూలీ అతని మొహంలోకి పరీక్షగా చూసింది. "ఏం జేసొచ్చినవ్? నిజం జెప్పు."

సూక్తితో పని జరగలేదు గానీ, అప్పటినుంచి అతనికి ఒక కుతూహలం పట్టుకుంది. ఇంతకీ జూలీ తనకోసం ఏం చేస్తోంది? తల్లి సీతమ్మను అడిగాడు.

"ఏం జేస్తది? అందరు జేసేదే. గిదేం అడుగుడు కొడుకా, పాణం మంచిగున్నదా?"

జూలీనే అడిగాడు.

"పరీక్షల చిట్టీ గూడ నన్నే అందియ్యమంటవా?"

అతనికి ఏళ్లుగా నైట్ డ్యూటీలే ఎక్కువ. ఆ వారం ఒకరోజు పొద్దున వచ్చి, తిని, పడుకున్నాడు. కానీ నిద్రపోలేదు. ఇంట్లో ఏం జరుగుతుందో విందామని కళ్లు మూసుకుని చెవులు రిక్కించాడు. ఎంతసేపు విన్నా నెత్తిమీద విమానాల మోత తప్ప ఏమీ లేదు. దూరంగా కూరగాయల ఆటో మైకు మొదలైంది: టమాట, ఉల్లిగడ్డ, ఆలుగడ్డ... దగ్గరికొచ్చింది. ఉన్నట్టుండి ఆగిపోయింది. కాసేపటికి గల్లీ అటు చివర మళ్లీ టమాట. నడుమ ఆ టమాటలు ఏమైనట్టు?

లేచి కిటికీ తెర జరిపాడు. వంటింట్లో గ్యాసూ కుక్కరూ ఉండగా, జూలీ వాకిట్లో కట్టెల పొయ్యి మీద గిన్నెలో పప్పు ఉడికిస్తోంది. కుక్కరయితే విజిల్ వేస్తుంది మరి. గోడ మీది నుంచి స్వర్ణలత చేతులతో ఏదో చెబుతోంది. జూలీ చేతులతోనే జవాబిచ్చి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఫోనొస్తే మలుపు దాకా నడిచిపోయి మాట్లాడి వచ్చింది.

మర్నాడు కూరగాయల ఆటో ఐలయ్యను ఆ మలుపులోనే పట్టుకున్నాడు. "మా ఇంటి ముంగట మైకెందుకు బందు వెడుతున్నవ్ అన్నా?"

"గట్లడుగుతవేంది తమ్మీ! మొదట్ల జర ఒర్రిన. మీ ఆమె చెంబు వట్టుకొని ఉరికొచ్చింది. మా ఆయన పండుకున్నడు, నీ టమాటలు ఎటన్న వోను అన్నది. ఏండ్లాయె. నీకు తెల్వదా?"

తెలియదు. తమది చప్పుడు లేని గల్లీ అనుకున్నాడు. డ్యూటీలో తోటివాళ్ల ముందు గొప్పలు కూడా పోయాడు.

ఆదివారం మైకు చేతికొచ్చింది. జూలీ ఆడవాళ్ల వరుసలో చేతులు కట్టుకుని కూర్చుంది.

"నేను పగటిపూట పండుకుంట" అని మొదలుపెట్టాడు. పాస్టరయ్య బిత్తరపోయాడు. ఆశేర్ ఆగలేదు. కుక్కర్ సంగతీ, చేతుల ముచ్చట్లూ, ఐలయ్య చెంబుకు భయపడిన వైనమూ చెప్పుకుపోయాడు. "నిద్ర దానంతటదే వస్తున్నదనుకున్న. ఈమె కావలి గాస్తున్నదని తెల్వలే. జూలీ, నీకు థాంక్స్. దేవునికి తర్వాత జెప్త."

నవ్వుల మధ్య జూలీ లేచి వచ్చి పక్కన నిలబడింది. గుసగుసగానే అంది గానీ మైకు దగ్గరుండి అందరికీ వినపడింది. "అంటే గా రోజు నువ్వు పండుకోనే లేదన్నట్టు! పొగల గూసొని వండిన పప్పు గంగల గలిసె."

పాస్టరయ్య మైకు ఆమెకిచ్చాడు. ఆమె వంతు. "దేవుడు నాకిచ్చిన మంచి..." అని నాలుక కరుచుకుంది. అందులో ఏ మొగుడి పేరైనా సరిపోతుంది. ఇంకోటి వెతుక్కుంది. దొరకలేదు. మొగుణ్ని కొత్త మనిషిని చూసినట్టు ఎగాదిగా చూసింది.

"జర ఆగుండ్రి అయ్యగారూ" అని అతనివైపు తిరిగింది. "ఏమయ్యా, రాత్రంత గాడ ఏం జేస్తవ్? కాళ్లు గుంజితే ఎక్కడ గూసుంటవ్?"

"ఎక్కడంటే..." ఆశేర్ బుర్ర గోక్కున్నాడు. ఈ మాట అతన్ని ఎవరూ అడగలేదు. "గోడకు ఒరిగి నిలబడుతం. ఒక్క కాలు మీద కాసేపు, ఇంకో కాలు మీద కాసేపు."

"మరి ఇంటికొచ్చి ఎన్నడన్న చెప్పినవా?"

"నువ్వడగలే."

వెనక బిర్యానీ గిన్నెల మూతలు తీస్తున్నారు. జూలీ మైకు పాస్టరయ్యకు తిరిగివ్వలేదు. "నేను గట్టిచ్చిన అన్నం డబ్బా ఎప్పుడు దింటవ్?" అని అడిగింది.