టాబ్లెట్‌లో వాయిదా

కిడాంబి ఆండాళ్ నెల్లూరు సివిల్ కోర్టులో పదకొండేళ్లు వకీలుగా పనిచేసింది. మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఆమె వాదన అందుకుంటే పక్క హాల్లో కూర్చున్న కక్షిదార్లు తమ కేసే పిలిచారేమోనని లేచి నిలబడేవాళ్లు. అలాంటి మనిషి, భర్త రవీంద్రనాథ్‌కి బ్లూ కార్డు వీసా మీద ఉద్యోగం రావడంతో, జర్మనీలో డాన్యూబ్ నది ఒడ్డున డెగ్గెన్‌డార్ఫ్ అనే చిన్న ఊళ్లోకి వచ్చిపడింది. తన లా డిగ్రీ ఇక్కడ గోడకి తగిలించుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదని మొదటి నెల్లోనే అర్థమైంది. నాలుగేళ్లు కూర్చుని జర్మన్ నేర్చుకుంది. 2019లో, నలభై అయిదో ఏట, అయిగ్నర్ అనే పెద్ద లాయరు గారి ఆఫీసులో ఒంటిపూట పనికి కుదిరింది. ఫైళ్లు సర్దడం, ఫ్యాక్సులు పంపడం, ఎవరి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, ఎప్పుడో రాసిపెట్టడం. కోర్టు మెట్లెక్కేది ఆయన, ఆ మెట్ల దాకా గొడుగు పట్టుకెళ్లేది ఆమె.

అయిగ్నర్ గారికి అరవై ఎనిమిదేళ్లు. కంప్యూటరంటే గిట్టదు. ఉత్తరాలన్నీ చిన్న క్యాసెట్‌లో చెప్పేవారు, ముప్ఫయ్యేళ్లుగా ఉన్న సెక్రటరీ వాటిని విని టైపు చేసేది. ఆయన నమ్మకమంతా ఫ్యాక్స్ మిషన్ మీదే. కాగితం ఇక్కడ ఒక పక్క దూరి ఇంకో ఊళ్లో బయటికొస్తే అది పంపినట్టు, మిగిలిందంతా గాలికబురు అనేవారు.

2020 మార్చిలో అన్నీ మూతపడ్డాయి. సెక్రటరీ ఆస్తమా మనిషి, ఇంటిపట్టున ఉండిపోయింది. అయిగ్నర్ గారికి గుండెలో రెండు స్టెంట్లు, నలుగురున్న గదిలోకి వెళ్లొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. దాంతో ఆఫీసు మొత్తం ఆండాళ్ నెత్తిన పడింది. ఆమె ఏమీ కంగారు పడలేదు. నిజం చెప్పాలంటే లోపల్లోపల గంతులేసింది. ఆయన చేత ఒక టాబ్లెట్, ఒక లాప్‌టాప్ కొనిపించింది, ఫైళ్లన్నీ స్కాన్ చేసింది, మాట చెబితే తనే రాసిపెట్టే యాప్ ఒకటి వేసిచ్చింది.

ఆ యాప్‌కి ఆయన బవేరియా యాస ఒక పట్టాన అంతుపట్టలేదు. జర్మన్‌లో అద్దెకుండే మనిషిని మీటర్ అంటారు, అమ్మని ముటర్ అంటారు. ఆయన మీటర్ అన్నచోటల్లా యాప్ ముటర్ అని రాసుకుపోయింది. 'అమ్మ మూడు నెలల్లో ఇల్లు ఖాళీ చేసి పోవలెను' అని ఉత్తరం తయారైంది. ఆండాళ్ అది పైకి చదివింది. ఆయన కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ చదవమన్నారు. ఇద్దరూ బల్ల చెరో చివరా కూర్చుని మాస్కుల వెనక ఊపిరాడకుండా నవ్వారు. ఆ రోజు నుంచి ఆయనకి టాబ్లెట్ మీద కొంచెం ప్రేమ పుట్టింది. చలికాలం వచ్చేసరికి దాన్ని చంకలో పెట్టుకుని తిరుగుతుండేవారు.

ఆ చలికాలంలోనే సాజిదా వచ్చింది. హైదరాబాద్ టోలీచౌకీ అమ్మాయి, ఇక్కడి టెక్నికల్ కాలేజీలో మాస్టర్స్ చదువుతోంది. ఒంటిగదిలో అద్దెకుంటోంది. పైఅంతస్తులో ఉండే ఇంటి యజమాని స్టాంగల్ ఆమెని ఖాళీ చేయించమని కోర్టులో దావా వేశాడు. ఒక్కరికిచ్చిన గదిలో ఆరుగురు ఉంటున్నారని, ఈ రోగం రోజుల్లో అంతమందిని దాచిపెట్టిందని ఆరోపణ. సాక్ష్యంగా తన నోటుబుక్కు కాపీ జతచేశాడు. నలభై రెండు పేజీలు. 'ఉదయం 11.10, మహిళ నంబర్ ఒకటి నవ్వుతోంది. 11.25, ఇంకా నవ్వుతోంది. మహిళ నంబర్ మూడు కోప్పడుతోంది. పిల్లలు, బహుశా ఇద్దరు.' ఇలాగే సాగింది.

సాజిదా కుర్చీ అంచున కూర్చుని, ఏడవలేక నవ్వుతూ చెప్పింది. "మేడమ్, నేను ఒక్కదాన్నే ఉంటున్న. వాళ్లందరూ మా టాబ్లెట్ల ఉంటరు."

లాక్‌డౌన్‌లో ఒంటరిగా తినబుద్ధి కాక, బియ్యం డబ్బాకి టాబ్లెట్ ఆనించి పెట్టుకుని, వంట చేసినంతసేపూ ఇంటివాళ్లతో వీడియోకాల్‌లో ఉంటుందట. అమ్మ, అమ్మ చెల్లెలు మరియమ్ ఖాలా, ఖాలా కోడళ్లు, వాళ్ల పిల్లలు. చేతులు ఖాళీగా ఉండవు కాబట్టి స్పీకర్ పెద్దగా పెడుతుంది. నంబర్ ఒకటి మరియమ్ ఖాలా. ఆ సంగతి స్టాంగల్‌కి మెట్ల మీద నిలబడి రెండుసార్లు చెప్పిందట. ఫోను అలా నవ్వదు అని ఆయన తలుపేసుకున్నాడట.

ఆండాళ్‌కి ఆ మధ్యాహ్నం ఆకలి గుర్తుకు రాలేదు. స్టాంగల్ నోటుబుక్కు ఒక పక్క, సాజిదా యాప్‌లోని కాల్స్ జాబితా ఒక పక్క పెట్టుకుని, తేదీ తేదీ, నిమిషం నిమిషం పోల్చి లాప్‌టాప్‌లో పట్టిక వేసింది. ఆయన రాసినవి నూటపదమూడు. అందులో నూటతొమ్మిది వేళల్లో కాల్ నడుస్తోంది. ఇంటికెళ్లి రవీంద్రనాథ్‌కి చెబుతూ వంటగదిలో అటూ ఇటూ తిరిగింది. ఆయన కాసేపు విని, నెల్లూరు వదిలాక నిన్ను ఇట్లా చూడలేదు ఆండాళూ, కూర మాడుతోంది చూడు అన్నాడు.

ఫిబ్రవరి తొమ్మిదిన వాయిదా. జడ్జి గారు కోర్టు హాల్లోనే కూర్చుంటారు, మిగతావాళ్లు వీడియోలో రావొచ్చని ఉత్తర్వు వచ్చింది. ఎదుటి లాయరు మ్యూనిక్ నుంచి తెర మీదికొచ్చాడు. స్టాంగల్ మాత్రం ఇలాంటివి నమ్మనని మంచులో నడుచుకుంటూ కోర్టుకే వెళ్లాడు. అయిగ్నర్ గారు తన గదిలో టాబ్లెట్ ముందు కూర్చున్నారు. ఆ కోర్టులో అవసరం లేకపోయినా నల్ల గౌను వేసుకున్నారు. గౌను కింద, చలికి, మనవరాలు అల్లిచ్చిన ఎర్ర ఊలు మేజోళ్లు, వాటి మీద దుప్పి బొమ్మలు. తెరలో నడుం కిందికి కనపడదు కదా అని ఆయన ధీమా. ఆండాళ్ ఆయనకి ఒక్కటే నేర్పింది, జడ్జి వచ్చినా ఎవరొచ్చినా లేవొద్దు, లేస్తే తలకాయ తెరలోంచి పోతుంది. జడ్జి గారు వచ్చారు, ఈయన లేచారు. తెర నిండా నల్లగుడ్డ. జడ్జి గారు, నడివయసు మహిళ, వకీలు గారి మర్యాద అందిందని, దయచేసి ముఖం కూడా పంపమని అన్నారు.

విచారణ మొదలైంది. జడ్జి గారు పట్టిక తిరగేసి, ఇది ఎవరు తయారు చేశారని అడిగారు. అయిగ్నర్ గారు టాబ్లెట్‌ని నెమ్మదిగా ఆండాళ్ వైపు తిప్పారు. "ఈమె శ్రీమతి కిడాంబి. భారతదేశంలో పదకొండేళ్లు అడ్వొకేటు. నేను దీన్ని చదివాను, ఈమె దీన్ని కట్టింది. అనుమతిస్తే ఈమే వివరిస్తుంది."

ఆండాళ్‌కి కాళ్లు లేవబోయాయి. తను పెట్టిన నియమం గుర్తొచ్చి కుర్చీ పట్టుకుంది. నాలుగు నిమిషాలు మాట్లాడింది. మొదటి నిమిషం జర్మన్ వ్యాకరణం వెనకాల పరుగెత్తింది. రెండో నిమిషంలో వ్యాకరణమే ఆమె వెనకాల వచ్చింది. గొంతు ఎంత లేచిందంటే, మ్యూనిక్ లాయరు తన స్పీకర్ తగ్గించుకోవడం తెరలో కనిపించింది. ముగించాక గదిలో వేడి ఎక్కువైనట్టు అనిపించి కిటికీ తీసింది. బయట మంచు, లోపల చెమట.

మ్యూనిక్ లాయరు తెలివైనవాడు. కాల్స్ నడిచినంత మాత్రాన గదిలో మనుషులు లేరని కాదు కదా అన్నాడు. మాట నిజమే. అయిగ్నర్ గారు ఆండాళ్ వైపు చూశారు. ఆమె చీటీ మీద ఒకే మాట రాసి జరిపింది, 'ఖాలా'. ఆయన గొంతు సవరించుకుని, ఆ గొంతుల్లో ఒకదాన్ని కోర్టు వారు వింటే బాగుంటుందని, ఇది సాక్ష్యం కాదని, కేవలం వినడమేనని విన్నవించారు. ఎదుటి లాయరు అభ్యంతరం చెప్పబోయాడు. హాల్లోంచి స్టాంగలే అడ్డుపడ్డాడు. "వినిపించండి. ఆ గొంతులు నేను నిద్రలో కూడా గుర్తుపడతాను."

అదే గదిలో కిటికీ దగ్గర కూర్చున్న సాజిదా తన టాబ్లెట్‌లో ఖాలాకి కాల్ కలిపింది. రెండు టాబ్లెట్లూ దగ్గరుంటే కీచుమంటాయని ఆండాళ్ ఆమెని ముందే అక్కడ కూర్చోబెట్టింది. ఇప్పుడు కోర్టువారికి ఖాలా కనిపించేలా అయిగ్నర్ గారి టాబ్లెట్ అటు తిప్పింది. హైదరాబాద్‌లో మధ్యాహ్నం రెండున్నర దాటింది. మరియమ్ ఖాలా డాబా మీద, జరీ దుపట్టా తలమీదుగా కప్పుకుని, పాస్‌పోర్టు ఫోటోకి కూర్చున్నట్టు కూర్చుని ఉంది. కోర్టు అని సాజిదా భయపెట్టింది కదా, పెదవి కదపడం లేదు. సలాం కూడా గొంతులోనే మింగింది. జడ్జి గారు నమస్కరించారు. ఖాలా తల ఊపింది. స్టాంగల్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఈ గొంతు నాకు తెలియదు అన్నాడు. సాజిదా ముఖం తెల్లబోయింది.

అప్పుడు అయిగ్నర్ గారు, ఒక పెద్దావిడ ఎదురుగా ఉంటే కూర్చుని మాట్లాడటం పద్ధతి కాదనిపించి, గౌను సర్దుకుని లేచి నిలబడ్డారు. కిటికీ దగ్గరున్న సాజిదా టాబ్లెట్‌కి ఆయన నిలువునా కనిపించారు. పైన నల్ల గౌను, కింద ఎర్ర మేజోళ్లు, దుప్పులు. ఆయన వంగి నమస్కారం కూడా పెట్టారు.

ఖాలా ఒక్క క్షణం ఆపుకుంది. తర్వాత ఇత్తడి బిందెలో గులకరాళ్లు పోసి ఊపినట్టు మొదలైంది ఆ నవ్వు. దుపట్టా జారింది. వెనక ఎవరో కోడలు కోప్పడింది, దాంతో ఇంకా పెరిగింది. సాజిదా చేతిలో టాబ్లెట్ ఊగిపోతోంది.

హాల్లో స్టాంగల్ కుర్చీ వెనక్కి తోసుకుని లేచాడు. "అదే. ఆవిడే. మహిళ నంబర్ ఒకటి."

"ఆవిడ ఎక్కడ ఉంటుందంటున్నారు మీరు?" జడ్జి గారు అడిగారు.

"నా కింది గదిలో," అన్నాడు స్టాంగల్, అని తెర వైపు చూశాడు. ఖాలా నవ్వు ఆపుకోలేక ఫోను తిప్పేసింది. డాబా, ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు, నీళ్ల ట్యాంకు, పక్కింటి పావురాలు, వీటన్నిటి మీద కళ్లు మూసుకునేంత ఎండ. కోర్టు హాలు కిటికీల అవతల మంచు పడుతూనే ఉంది. మ్యూనిక్ లాయరు నెమ్మదిగా, పది నిమిషాలు విరామం కావాలన్నాడు.

విరామం తర్వాత దావా వెనక్కి తీసుకుంటున్నట్టు చెప్పాడు. జడ్జి గారు ఆ మాట రికార్డులోకి చదివి ముగించబోతుంటే, స్టాంగల్ తన నోటుబుక్కు తెరిచి, ఒక ప్రశ్న అడగొచ్చా అన్నాడు. నవంబరు పద్నాలుగున ఆవిడ నలభై నిమిషాలు ఆగకుండా నవ్విందని, ఎందుకో తెలుసుకోవాలనుందని అన్నాడు. భార్య పోయిన ఎనిమిదేళ్లలో ఆ ఇంట్లో అంతసేపు ఎవరూ నవ్వలేదు, అని మెల్లగా చేర్చాడు. అది విచారణకి సంబంధించింది కాదని జడ్జి గారు అన్నారు గానీ, తెర ఆపలేదు. సాజిదా తన వచ్చీరాని జర్మన్‌లో చెప్పింది. ఆ రోజు ఖాలా వాళ్ల మేక, పెళ్లి చూపులకొచ్చినవాళ్ల చెప్పుల్లో ఒకటి తినేసిందట. పెళ్లికొడుకు తండ్రి ఒంటి చెప్పుతో ఆటో ఎక్కాడట. స్టాంగల్ బుర్ర ఊపుతూ అదంతా రాసుకున్నాడు.

తెర ఆరిపోగానే ఆఫీసు గదిలో ముగ్గురూ ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డారు. దూరం పాటించాలి కాబట్టి కౌగిలించుకోవడానికి లేదు. అయిగ్నర్ గారు మేజోళ్ల మీదే నాలుగడుగులు వాల్ట్జ్ నాట్యం వేశారు. సాజిదా ఏడ్చేసింది, ఏడుస్తూనే ఖాలాకి ఫోన్ చేసింది. ఆండాళ్ మెట్లు దిగి వీధిలోకి వెళ్లి, మాస్కు కిందికి లాగి, ఎవరూ లేని ఊరి చౌకు మధ్యలో నిలబడి, నెల్లూరు కోర్టునాటి గొంతుతో, తెలుగులో, "కేసు గెలిచామండీ" అని ఫోన్‌లో రవీంద్రనాథ్‌కి చెప్పింది. మూడో అంతస్తు కిటికీలో ఎవరో తెర తొలగించి చూశారు.

ఆ వసంతంలో అయిగ్నర్ గారు టాబ్లెట్‌లో తనంతట తనే వెతికి ఒక సంగతి పట్టుకున్నారు. వేరే దేశపు లాయరు తన దేశపు చట్టాల మీద సలహా ఇవ్వడానికి ఇక్కడి బార్ ఛాంబర్‌లో నమోదు చేసుకోవచ్చు. అలా వీలున్న దేశాల జాబితాలో భారతదేశం ఉంది. ఇది ముందే ఎందుకు కనుక్కోలేదని ఆయన ఆండాళ్‌ని అడిగారు. ఎవర్నడగాలో తెలియలేదంది. నెల్లూరు నుంచి కాగితాలు తెప్పించడం, అనువాదాలు, ముద్రలు, టెర్మిన్‌లు, వీటితో వేసవి గడిచింది. శరత్కాలంలో, పేరు నమోదైందని ఉత్తరం వచ్చింది. ఆ సాయంత్రం రవీంద్రనాథ్ పులిహోర కలిపి, ఉప్పు రెండుసార్లు వేశాడు. ఇద్దరూ గిన్నె ఖాళీ చేశారు.

2022 జనవరి నుంచి లాయర్లు కోర్టుకి పంపేదంతా ఎలక్ట్రానిక్ పోస్టుపెట్టె ద్వారానే పంపాలని నియమం వచ్చింది. ఊళ్లో ఉన్న పెద్దవయసు లాయర్లు ఒక్కొక్కరే, లాప్‌టాప్ చంకలో పెట్టుకుని, సిగ్గుపడుతూ ఆండాళ్ బల్ల దగ్గరికి రావడం మొదలైంది. ఆమె టెర్మిన్ ఉందా అని అడిగి మరీ కూర్చోబెట్టేది.

ఆ నెల రెండోవారంలో ఆమె పేరు మీద మొదటి పని వచ్చింది. బెర్లిన్‌లో ఒక లాయరుకి హిందూ వివాహ చట్టం మీద అభిప్రాయం కావాలి. తొమ్మిది పేజీలు రాసింది, మూడుసార్లు దిద్దింది. ఆ ఎలక్ట్రానిక్ పోస్టుపెట్టె తెరిచే తన సొంత కార్డుని రీడర్‌లో పెట్టి పిన్ నొక్కింది. తొందరలో ఒక అంకె తప్పు పడింది. మళ్లీ తప్పు. ఇంకోసారి తప్పయితే కార్డు బిగుసుకుపోతుందని హెచ్చరిక వచ్చింది. ఆండాళ్ చేతులు ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, పదిదాకా తెలుగులో లెక్కపెట్టి, ఒక్కొక్క అంకె పైకి అనుకుంటూ నొక్కింది. పంపబడినది అని పచ్చటి అక్షరాలొచ్చాయి. తలుపు వేసి ఉందో లేదో చూసుకుని, చక్రాల కుర్చీలో కాళ్లు పైకెత్తి, గిర్రున రెండు చుట్లు తిరిగింది.