పళ్ల మధ్య స్క్రూడ్రైవరు

మొన్న చర్చి నుంచి నడిచి వస్తుంటే మా సందు మలుపులో ఒక పికప్ వ్యాను ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. బానెట్ ఎత్తి ఉంది, లోపలినుంచి కటకటమని ఏదో చప్పుడు, పక్కన మెకానిక్ ఒక చిన్న మిషనేదో బండికి తగిలించి దాని అద్దంలో వచ్చిన అక్షరాలు చదువుకుంటున్నాడు. చప్పుళ్లను కంటితో చూసి తెలుసుకునే కాలం వచ్చిందన్నమాట అనుకుంటూనే నిలబడిపోయాను. ఎనభైల చివర్లో ఒక ఆదివారం సరిగ్గా ఇలాంటి కటకట దగ్గరే నా గుండె నోట్లోకి వచ్చింది.

అప్పుడు ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో, రైల్వేవాళ్ల క్వార్టర్లలో మా కాపురం. మావారు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు, ఇంజను చప్పుడు విని రోగం చెప్పేస్తారని పేరు. ఆ పేరు నిజమే, కాకపోతే అప్పటికి కొన్నేళ్లుగా ఆయనకు చెవులు సరిగా వినిపించడం లేదు. ఈ సంగతి మా ఇద్దరికి తప్ప మూడోవాళ్లకు తెలియదు. తెలిస్తే చేతిలో పనిముట్లు లాక్కుని ఏ గేటు దగ్గరో స్టూలు వేసి కూర్చోబెడతారని ఆయన భయం, స్పానరు పట్టని రోజు ఆయనకు అన్నం సయించేది కాదు. పైగా ఆ నెలలోనే రైల్వే డాక్టరు పరీక్ష. పక్క క్వార్టరులో ఉండే బెంగాలీ దాదాయే ఆయనకు చార్జిమన్, అంటే పై అధికారి. దాదా అనుమానమని రాసి పంపితే తప్ప డాక్టరు చెవులు పట్టి చూడడు. ఆయనకు అనుమానం రాకుండా ఆ నెల గడిస్తే చాలని నేను రోజూ ప్రార్థన చేసుకునేదాన్ని.

రైల్వే క్వార్టర్ల లైన్లలో కాపురం చేసినవాళ్లకు చెప్పనక్కర్లేదు, వర్క్‌షాపు మోతకు అలవాటుపడి మా లైనులో నెమ్మదిగా మాట్లాడిన మగాడంటూ లేడు. ఒకసారి మా పిన్ని కొత్తగా వచ్చి, వీళ్లు కుశలం అడుగుతుంటే కొట్టుకుంటున్నారనుకుని తలుపు గడియ వేసుకుంది. అందువల్ల మావారి కేకలు ఎవరికీ వింతగా తోచలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం మా తమ్ముడు తన పికప్ తీసుకుని వచ్చాడు. రోజూ పొద్దున్నే సాలువాలో సిపాయిల క్యాంపుకు కూరగాయలు వేసే బండి అది. ఇంజను ఆపకుండానే దిగి, ఏడుపు మొహంతో, "బావా, స్లోలో ఉంటే కటకటమంటంది, యాక్సిలేటర్ తొక్కితే పోతంది. ఇంజను దించాలంటన్నారందరూ. ఓపాలి సూడు," అన్నాడు. క్షణంలో లైనంతా పోగయింది. దాదా కూడా లుంగీ ఎగదోపుకుంటూ వచ్చి బండి వెనక పక్క నిలబడ్డారు.

మావారు మాత్రం తెలివైన వైద్యుడిలా ముందు రోగి తరఫువాళ్లనే అడిగారు, చప్పుడు ఎటేపు నుంచి వస్తందని. ఒకరు టాపెట్ అన్నారు, ఒకరు బేరింగ్ అన్నారు, తలకో మాట. ఆయన అన్నిటికీ తల ఊపుతూ బానెట్ కిందికి వంగారు. అంతలో వెనకనుంచి దాదా, ఏమనుకుంటున్నావని అడిగారు. మావారు తిరగలేదు. దాదా మళ్లీ అడిగారు. ఇక నేను వరండా దిగి వెళ్లి భుజం తట్టి, "ఏమండీ, దాదా అడుగుతన్నారు," అన్నాను. "ఇంజను మోతలో ఇనబడ్నేదు దాదా," అన్నారాయన. దాదా సరేనని ఊరుకున్నారు గానీ, ఆ తరవాత ఇంజనును చూడ్డం మానేసి మావారినే చూడసాగారు.

పొడుగాటి స్క్రూడ్రైవరు కొసను ఇంజనుకు తాకించి, పిడి చెవికి ఆనించి వినడం అందరికీ తెలిసిన పద్ధతే. మావారు కొంచెం అటు తిరిగి ఆ పిడిని పళ్ల మధ్య పెట్టుకున్నారు. చెవి వినకపోయినా ఎముక వింటుందని, మా ఇంట్లో రేడియో మీద పెన్సిలు ఆనించి ఆయన తనంతట తాను కనిపెట్టుకున్న ఉపాయం అది. టాపెట్ మూత చూశారు, నీళ్ల పంపు చూశారు, డైనమో దగ్గరికి వచ్చి ఆగిపోయారు. చెక్కముక్కతో డైనమోను అదిమి పట్టారు. కటకట ఆగింది. వదిలితే మళ్లీ మొదలైంది. "డైనమో బోల్టు తెగిపోనాది, ఇంజను దించక్కర్నేదు," అన్నారు. మా తమ్ముడు హమ్మయ్య అని నేల మీద చతికిలబడ్డాడు.

నేను ఊపిరి పీల్చుకోబోతుంటే, "దాఁడావ్," అంటూ దాదా ముందుకొచ్చారు. ఆగమన్నారు. స్క్రూడ్రైవరు ఇలా ఇమ్మని చెయ్యి చాపారు. మావారు ఇచ్చి ఒక అడుగు వెనక్కి వేశారు. ఇప్పుడీయన చెవికి ఆనించుకుంటారు, విని, నువ్వెందుకు పళ్లతో పట్టావోయ్ అని నలుగురిలో అడుగుతారు, అంతటితో అయిపోయిందనుకున్నాను. దాదా పిడిని లుంగీకి తుడిచారు. ఒకసారి అటూ ఇటూ చూశారు. తిన్నగా పళ్ల మధ్య పెట్టుకుని కళ్లు మూసుకున్నారు.

చుట్టూ ఉన్నవాళ్లు అదేదో వర్క్‌షాపు పద్ధతి అనుకున్నారు. దాదా స్క్రూడ్రైవరు తీసి, "ఠీక్ ఆఛే, డైనమో," అని, సరిగ్గానే పట్టాడని అందరికీ చెప్పి, మావారికి ఎదురుగా వచ్చి నిలబడి, "కొతో దిన్?" అన్నారు. ఎన్నాళ్లనుంచి అని. "శానా రోజులైంది దాదా," అన్నారు మావారు. దాదా తన చెవిని వేలితో తట్టుకుని, "ఆమారో," అన్నారు. తనదీ అదే కథట. ఒకే మోతలో పక్కపక్కన నిలబడి, అన్నేళ్లూ ఒకరికి తెలియకుండా ఒకరు దాచుకున్నారు పాపం. నేను వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

కొత్త బోల్టు వేశాక మా తమ్ముడి బండి బుద్ధిగా నడిచింది. డాక్టరు పరీక్షకు ఇద్దరూ కలిసే వెళ్లి ఉన్న సంగతి చెప్పేశారు. స్టూలూ లేదు, గేటూ లేదు. మోత లేని టూల్‌రూముకు మార్చారు, పనిముట్లు చేతిలోనే ఉండిపోయాయి.

దాదా ఇప్పుడు లేరు. ఈ కాలం పిల్లలు చెవులకు మూతలు పెట్టుకుని పని చేస్తారట, మంచిదే. మా అల్లుడు కొనిచ్చిన చెవి మిషను పెట్టుకున్నాక మావారికి గుసగుసలు కూడా వినిపిస్తున్నాయి. వంటింట్లోంచి నేను ఏది చెప్పినా పేపరు మీంచి తల ఎత్తకుండానే ఊఁ కొడతారు. వినబడని ఆ రోజుల్లో, ఉప్పు అయిపోయిందన్న మాటకైనా చేతిలో పని ఆపి నా మొహంలోకి చూస్తూ ఉండిపోయేవారు. ఈ వయసులో దానికి బెంగపడ్డం నవ్వులాటే గానీ, ముఖ్యమైన మాటేదైనా ఉంటే, ఆయన మిషను తీసి బల్ల మీద పెట్టేదాకా ఆగి అప్పుడు మొదలుపెడతాను.