శాలువా కప్పి ఆపేశారు

కెనడాలో మా విన్నిపెగ్ తెలుగువాళ్లకు ఏ సెలవైనా ఒకటే, హాలు దొరికితే చాలు. ఆదివాసీ పిల్లల్ని ఇళ్ల నుంచి లాక్కెళ్లి రెసిడెన్షియల్ స్కూళ్లలో పడేసిన పాపాన్ని తలచుకుంటూ దేశమంతా నారింజ రంగు చొక్కాలు వేసుకునే రోజున మేము బతుకమ్మ పెట్టుకున్నాం. అలాంటి రోజున ఉత్త పండగే చేసుకుంటే బాగుండదని ఎవరికో తోచినట్టుంది. మా పక్కింటి పెద్దావిడ అలాంటి స్కూల్లో పెరిగిన మనిషని మా తెలుగు సంఘం కమిటీకి తెలుసు. ఆవిడ చేత నాలుగు మాటలు చెప్పించమని నన్ను అడిగారు.

ఆవిడ వెంటనే ఒప్పుకోలేదు. చిన్నప్పుడు ఆవిడనూ, అన్ననూ ఒకే రోజు తీసుకెళ్లారు. అన్న తిరిగి రాలేదు. ఎక్కడ పూడ్చారో ఎవరూ చెప్పలేదు. ఇంట్లో ఆ పిల్లాడి ఊసెత్తితే వాళ్లమ్మ లేచి వెళ్లిపోయేదట. "ఒక్కసారి నలుగురిలో వాడి పేరు గట్టిగా చెప్పాలని ఉంది," అంది చివరికి. మా వంటింట్లో కూర్చుని సభలో చెప్పబోయే మాటలు పదే పదే అనుకునేది. పేరు దగ్గరికి రాగానే ఆగిపోయేది. "అది అక్కడే చెబుతాను," అనేది.

హాల్లో మా సంఘం ప్రెసిడెంటు గారు ఎదురొచ్చి, "రెసిడెన్షియల్‌లో మేమూ చదివామండీ, ఆ హాస్టల్ తిండి మాకూ తెలుసు," అని నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. తెలుగులో అన్నారు గనక ఆవిడకు అర్థం కాలేదు, అంతవరకు నయం.

ఆవిడ నెమ్మదిగా మాట్లాడింది. జుట్టు కత్తిరించడం, సొంత భాషలో నోరు విప్పితే కొట్టడం, అన్నకు జ్వరం రావడం. స్టేజీ పక్కన డాన్సు పిల్లలు, వాళ్ల తల్లులు అసహనంగా కదులుతున్నారు. వెనక భోజనాల ట్రేల మీది రేకులు తీస్తున్నారు. మన సభల్లో వక్త ఎంతకూ దిగకపోతే ఏం చేస్తారో తెలిసిందే కదా. ప్రెసిడెంటు గారు శాలువా విప్పి పట్టుకుని వెనక నిలబడ్డారు.

"మా అన్న పేరు..." అని ఆవిడ ఊపిరి తీసుకుంది. ఆ సందు చాలు ఆయనకు. శాలువా కప్పేశారు. యాంకర్ అమ్మాయి మైకు అందుకుని, "బిగ్ హ్యాండ్ ప్లీజ్!" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. "ఇంకా అవలేదండీ!" అని నేను లేచి అరిచాను. నా గొంతు అప్పుడే మొదలైన డాన్సు పాటలో కలిసిపోయింది.

కారులో అడిగాను, ఆ పేరు నాకైనా చెప్పమని.

"నీకొక్కదానికి చెప్పడానికి కాదమ్మా నేనొచ్చింది," అంది.

మర్నాడు ప్రెసిడెంటు గారు ఫోన్ చేశారు.

"మీ పక్కింటావిడ సూపర్ అండీ. షార్ట్‌గా, టైమ్‌కి ముగించేశారు. నెక్స్ట్ ఇయర్ కూడా ఆవిడ్నే పిలుద్దాం."